మొహం నిండా గీతలున్న తాత

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు మొదటినుంచీ ఒళ్లుమంట. మా పేటలో ఎవరికి జ్వరమొచ్చినా గాలి సోకిందనేవాళ్లు. పల్నాటి ఎండల్లో గాలి సోకితే అదృష్టమే గదా అని ఎగతాళి చేసేవాణ్ణి. ఇది చదివి ఇప్పుడు మీరు నన్ను ఎగతాళి చేస్తారేమో, చేసుకోండి. జరిగింది జరిగినట్టే చెబుతాను.

పందొమ్మిది వందల అరవై దాటిన కొత్తల్లో నరసరావుపేటలో ఒక మిషన్ బంగళాలో గుమాస్తాగా ఉండేవాణ్ణి. దొరల కాలం నాటి పుస్తకాలు, కాగితాలు, పటాలు అక్కడ ఒక గదిలో ఉండేవి. వాటికి చెదలు పట్టకుండా చూడటం, దుమ్ము దులిపి వరసగా సర్దడం నా పని. గది తాళం నా దగ్గరే ఉండేది. మా ఇంట్లోవాళ్లెవరూ అందులో అడుగు పెట్టలేదు.

అందులో ఒక పాదిరిగారి పటం ఉంది. ఎప్పుడో రెండు మూడు వందల ఏళ్ల కిందటి మనిషి. గొప్ప పండితుడట, ఎన్నో భాషలు వచ్చట. మన దేశానికి మాత్రం ఎన్నడూ రాలేదు. రాగిరేకు మీద చెక్కి కాగితం మీద అచ్చువేసిన బొమ్మ అది. దగ్గరికెళ్లి చూస్తే మొహం, గడ్డం, చేతులు అన్నీ సన్నసన్న నల్లగీతలే. మెడ చుట్టూ మడతలు మడతలుగా తెల్లటి కుచ్చుల పట్టీ.

ఆ ఎండాకాలం మా ఎస్తేరుకి టైఫాయిడ్ వచ్చింది. ఆరేళ్ల పిల్ల, మాకు ఒక్కతే. జ్వరం దిగదు, పిల్ల కళ్లు తెరవదు. డాక్టరమ్మ మందులిచ్చి, ఇక ప్రార్థన చేసుకోమంది.

మాలో ఒక పద్ధతుంది. జబ్బు ముదిరితే అయ్యగారికి, అంటే పాస్టరు గారికి, కబురు పెడతాం. ఆయన వచ్చి తలమీద చెయ్యేసి ప్రార్థన చేస్తారు. కబురు వెళ్లగానే మంచం పక్కన కుర్చీ తుడిచి వేస్తాం. ఆయన వచ్చేదాకా అందులో ఇంకెవరూ కూర్చోరు. నా భార్య శాంతమ్మ కుర్చీ అయితే వేసింది గానీ, అయ్యగారు వెల్దుర్తి వైపు పల్లెలకు వెళ్లి ఉన్నారు. ఎప్పుడొస్తారో తెలియదు.

ఇంట్లో కూర్చోలేను, బయట నిలబడలేను. అయ్యగారి దగ్గర్నుంచి కబురేమైనా వచ్చిందేమోనని మిట్టమధ్యాహ్నం బంగళాకి వెళ్లాను. ఏమీ లేదు. ఊరికే ఆ గది తాళం తీశాను. ఎదురుగా ఆ పటం. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "మా అయ్యగారు ఊళ్లో లేరు. మీరన్నా రండయ్యా!" అనేశాను. వెంటనే నాకే సిగ్గేసి, తాళం వేసి ఇంటికి పరిగెత్తాను.

గుమ్మంలోనే శాంతమ్మ ఎదురొచ్చింది.

"ఏందయ్యా ఇది! నడుం లాగుతుందని ఆ కుర్చీలో కూలబడబోతే పిల్ల కళ్లు తెరిచి కసిరింది. 'కూర్చోమాకమ్మా, తాత ఉన్నాడు' అంటది. ఆడ ఎవురూ లేరు!"

నేను పిల్ల పక్కన చేరి ఏ తాతమ్మా అని అడిగాను.

"మొగం నిండా గీతలే నాయనా. చేతులక్కూడా. మెడకి జంతిక చుట్టుకున్నాడు" అని మళ్లీ కళ్లు మూసుకుంది.

ఆ పటం సంగతి ఇంట్లో నేనెన్నడూ ఎత్తలేదు.

సాయంత్రానికి పిల్లకి చెమటలు పట్టి జ్వరం దిగడం మొదలైంది. మందు పనిచేసిందని డాక్టరమ్మ అంది. పనిచేసే ఉంటుంది, కాదనను.

నాకు మాత్రం నిలకడ పోయింది. ఆ గదిలో ఏ పని చేస్తున్నా పటానికి వీపు పెట్టలేకపోయేవాణ్ణి. ఇలా లాభం లేదని, ఎస్తేరు తేరుకున్నాక ఒక ఉదయం ఎత్తుకెళ్లి పటం చూపించాను. పిల్ల భయపడలేదు. తెలిసినవాళ్లను చూసినట్టు నవ్వింది.

"ఈ తాతేనా నీ దగ్గరికొచ్చింది?"

"ఈ తాతే నాయనా. ఇంకొకాయన నా చెయ్యి పట్టుకుని లాగుతుంటే, పోనీకుండా అడ్డం కూర్చున్నాడు."

ఇదంతా ఏమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. ఎస్తేరు పెరిగింది, దానికిప్పుడు పిల్లలు. ఆ ఇంకొకాయన ఎలా ఉన్నాడో అడగడానికి మాత్రం ఈనాటికీ నాకు నోరు రాలేదు.