పంతొమ్మిదా, అరవై ఒకటా

పెళ్ళయి భిలాయి వచ్చేనాటికి నాకు హిందీలో పది దాకా అంకెలు వచ్చు. అవి డెబ్భైల చివరి సంవత్సరాలు. మా ఆయన స్టీల్ ప్లాంటులో రైలు పట్టాలు చేసే మిల్లులో ఫిట్టరు. ఆయన డ్యూటీకి వెళ్ళిపోతే క్వార్టర్లో నేనూ, గోడ మీద క్యాలెండరూ మిగిలేవాళ్ళం. ఆసుపత్రికి వెళితే కాంపౌండరు టోకెన్ నంబర్లు హిందీలో పిలిచేవాడు. నా నంబరు పిలిచాడో లేదో తెలియక అందరూ వెళ్ళిపోయేదాకా బెంచీ మీదే కూర్చునేదాన్ని.

అప్పట్లో నాకు తోడు పక్క క్వార్టరు వదిన. ఆమెది మా అమ్మగారి ఊరి పక్క ఊరే, విజయనగరం వైపు. ఆమె భర్త నాకు అన్నయ్య వరస. నేను రైలు దిగిన రోజు మాకు అన్నం వండి పెట్టింది ఆమే. నాకు జ్వరం వస్తే చారు కాచి తెచ్చిందీ ఆమే. మనిషి కొంచెం నోటి దురుసు. మనసులో ఏమీ దాచుకోదు, దాచుకోవలసిన వాటిని కూడా.

మమ్మల్నిద్దరినీ మహిళా క్లబ్బుకు తీసుకువెళ్ళింది వెనక లైనులో ఉండే దీదీ. వాళ్ళది కాన్పూరు వైపు. భర్త ప్లాంటులోనే బొగ్గును కోక్‌గా కాల్చే కోక్ ఓవెన్స్‌లో పని చేసేవాడు. నెలకో ఆదివారం మధ్యాహ్నం క్లబ్బు హాల్లో తంబోలా ఆడేవారు. ఒకటి నుంచి తొంభై దాకా అంకెలు రాసిన చెక్క బిళ్ళలు ఒక గుడ్డ సంచీలో ఉండేవి. దీదీ సంచీలో చేయి పెట్టి ఒక్కొక్క బిళ్ళా తీసి, అంకె చదివి, గళ్ళ పలక మీద దాని గడిలో పెట్టేది. మా చేతుల్లోని టిక్కెట్ల మీద ఆ అంకె ఉంటే కొట్టేసుకోవాలి. టిక్కెట్టు మొత్తం ముందుగా ఎవరిది నిండితే వాళ్ళకి పెద్ద బహుమతి.

మొదటిరోజు నేను ఒక్క అంకె కూడా కొట్టలేకపోయాను. తెలుగులో ఇరవై వస్తే దాని వెంట ఇరవై ఒకటీ, ఇరవై రెండూ వస్తాయి. హిందీలో ప్రతి అంకెకీ వేరే పేరు. ఉన్‌సఠ్ అంటే యాభై తొమ్మిది, ఉనహత్తర్ అంటే అరవై తొమ్మిది, ఉన్యాసీ అంటే డెబ్భై తొమ్మిది. సరే, తొమ్మిది వస్తే ముందు ఉన్ అంటారని పద్ధతి దొరికింది కదా అనుకుంటే ఎనభై తొమ్మిదిని నవాసీ అంటారు. నా ఖాళీ టిక్కెట్టు చూసి దీదీ నవ్వలేదు. మర్నాడు సంచీ పట్టుకుని మా ఇంటికే వచ్చింది. బఠాణీలు ఒలుస్తూ ఒక్కో బిళ్ళా తీసి నా ముందు పెట్టి అడిగేది. చెప్పలేకపోతే ఆ బిళ్ళ మళ్ళీ సంచీలోకి పోయేది. చెబితే నా వైపు చేరేది. చలికాలం అయ్యేసరికి సంచీ మొత్తం నా వైపే చేరింది. ఆసుపత్రిలో నా టోకెన్ పిలవగానే లేచి వెళ్ళిన రోజు, ఆ సంగతి చెప్పడానికి తిన్నగా దీదీ ఇంటికే పోయాను.

హోలీ ముందు ఆదివారం పెద్ద బహుమతి ప్రెషర్ కుక్కరు. దాన్ని బల్ల మీద పెట్టారు. ఆటంతా వదిన కళ్ళు దాని మీదే, హిందీ అంకెలు ఆమె చెవిలో నేనే చెబుతున్నాను. చివరికి ఆమె టిక్కెట్టులో అరవై ఒకటి ఒక్కటే మిగిలింది. "ఇక్సఠ్ అంటదా, అంటే సెప్పు పిల్లా" అని నా మోచెయ్యి పట్టుకుని కూర్చుంది.

దీదీ బిళ్ళ తీసి, "ఉన్నీస్" అంది. పంతొమ్మిది. వెనక వరసలోంచి ఒకామె లేచి టిక్కెట్టు పైకెత్తింది. ఆమె దీదీ ఉండే లైనులోనే ఉంటుంది. టిక్కెట్టు సరిచూశారు. అన్నీ సరిగానే ఉన్నాయి.

వదిన ఊరుకోలేకపోయింది. నా అరవై ఒకటి ఎక్కడుందో చూస్తానని బల్ల దగ్గరకు వెళ్ళి సంచీ బోర్లించింది. మిగిలిన బిళ్ళలు వెతికి ఒకటి పైకి తీసింది. ఇటు పట్టుకుంటే అరవై ఒకటి. తలకిందులుగా పట్టుకుంటే పంతొమ్మిది. పలక మీద దీదీ పెట్టిన బిళ్ళ తీసి చూస్తే అదీ అంతే. ఇలాంటి బిళ్ళలకు అంకె కింద ఒక గీత ఉండాలి, ఏది కిందో తెలియడానికి. ఆ రెండింటికీ గీత లేదు. ఏది పంతొమ్మిదో ఏది అరవై ఒకటో హాల్లో ఎవరూ చెప్పలేకపోయారు.

"గీతలు ఎవరు సెరిపీసినారు?" అంది వదిన. "సంచీ ఎవరింట్లో ఉంటంది? కుక్కరు ఎవరి లైనుకి ఎల్తంది? అడగండి."

తెలుగు రానివాళ్ళకు కూడా ఆ వేలు ఎటు చూపిస్తోందో అర్థమైంది. ఎవరో హిందీలోకి మార్చి చెప్పారు. మార్చడంలో అది ఇంకొంచెం మొరటుగా తయారైంది. దీదీ ముఖం తెల్లబోయింది. చేతిలోని ఖాళీ సంచీ మడిచి బల్ల మీద పెట్టి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయింది. కుక్కరు ఎవరికీ ఇవ్వకుండా క్లబ్బు అలమరలో పెట్టేశారు. ఆ తరవాత ఆటే ఆగిపోయింది.

ఎండలు ముదిరాయి. ఆదివారం మధ్యాహ్నాలు క్లబ్బు హాలుకి తాళం. నీళ్ళ పంపు దగ్గర తెలుగువాళ్ళు ఒక పక్క, హిందీవాళ్ళు ఒక పక్క నిలబడడం మొదలుపెట్టారు. అటు వెళితే వదినకు కోపం, ఇటు ఉంటే దీదీకి బాధ. ఒక రాత్రి అన్నాల దగ్గర ఈ గోలంతా మా ఆయనకు చెప్పాను.

"మా దగ్గర పట్టా కొలిచే గేజీలుంటాయి. వాటిని కూడా ఇంకో గేజీతో చెక్ చేస్తారు. అరిగితే పక్కన పడేస్తారు" అన్నారాయన.

"చెక్ చేస్తే మీకు కోపం రాదా?"

"నాకెందుకు కోపం? అరిగింది గేజీ కదా, నేను కాదు."

మర్నాడు ఆ మాటే పట్టుకుని దీదీ దగ్గరకు వెళ్ళాను. వాకిట్లో వడియాలు పెడుతోంది. నాకొచ్చిన హిందీలో చెప్పాను, బిళ్ళలకు గీతలు పెట్టిద్దాం, సంచీ ఎవరింట్లోనూ వద్దు, ఆటకు ముందు అందరి ఎదుటా సరిచూద్దాం, కొన్ని నియమాలు రాసుకుందాం అని.

దీదీ తలెత్తకుండానే అంది. "ఇప్పుడు నియమాలు పెడితే నా కోసమే పెట్టారంటారు. నేను దొంగనని రాసి గోడకి అంటించినట్టే."

"మీ కోసం కాదు దీదీ. బిళ్ళల కోసం."

ఆమె ఇంకో వరస వడియాలు పెట్టింది. తరవాత, "సంచీ నా దగ్గర ఉండడం నాకూ ఇష్టం లేదు. ఎవరూ తీసుకోకపోతే ఉంచుకున్నాను" అంది. అది ఒప్పుకోలు కాదు. తలుపు కొంచెం తెరిచినట్టు అనిపించింది.

వదిన దగ్గరకు వెళ్ళి దీదీ పేరు ఎత్తలేదు. క్యాంప్ ఒకటి అనే బస్తీలో మన శ్రీకాకుళం వడ్రంగి ఉన్నాడట, కొత్త బిళ్ళలు చేయిద్దాం, నువ్వు దగ్గరుండి చూసుకుంటేనే అన్నాను. ఆ చివరి మాటకు ఆమె వెంటనే చీర మార్చుకుంది. క్లబ్బు సెక్రటరీ కూడా సరే అంది. పాత బిళ్ళలు మరోసారి తీసి చూశాక, అవి చేతుల చెమటకే అరిగిపోయాయని ఆమెకు తెలిసింది. గీతలు వేసింది సిరాతో, అంకెలు వేసింది రంగుతో. సిరా ముందు పోయింది.

క్యాంప్‌లో ఇళ్ళు ఒకదానినొకటి ఆనుకుని ఉంటాయి. వడ్రంగి దుకాణం అంటే ఇంటి ముందు తడిక కింద జాగా. ఆయన బిళ్ళలన్నీ ఒకే కొలతకు కోసి, కాల్చిన ఇనుప ముద్రతో అంకెలు వేశాడు. రంగు అయితే అరుగుతుంది, కాలిస్తే అరగదని ఆయన మాట. గీతలు అన్నిటికీ ఒకేసారి వేస్తానని చివరికి ఉంచాడు. మేము రెండోసారి వెళ్ళేసరికి అంకెలు పడ్డాయి, గీతలు పడలేదు.

వదిన బిళ్ళలు వరసగా పేర్చుకుంటూ గట్టిగా చదవసాగింది. "అరవై ఏడు... అరవై ఎనిమిది... అరవై తొమ్మిది..." అలా ఎనభైల్లోకి వచ్చింది. "ఎనభై ఎనిమిది. ఎనభై తొమ్మిది ఏదీ? బాబూ, ఎనభై తొమ్మిది సెయ్యనేదు నువ్వు. దాని బదులు ఇదిగో, అరవై ఎనిమిది రెండుసార్లు కొట్టీసినావు."

వడ్రంగి వచ్చి ఆమె చేతిలోని బిళ్ళను తిప్పి మళ్ళీ ఆమె చేతిలోనే పెట్టాడు. "ఇదేనమ్మా ఎనభై తొమ్మిది. తలకిందులు పట్టినారు."

వదిన ఆ బిళ్ళను చాలాసేపు చూసింది. ఇటు తిప్పింది, అటు తిప్పింది. వడ్రంగి రంపం అందుకుని తన పనిలో పడ్డాడు.

"నేను సూసి సూసి కూడా తప్పు సదివినాను" అంది, నాతోనో తనతోనో.

తిరిగి వచ్చేటప్పుడు దారంతా ఆమె నాకంటే ముందు నడిచింది. మా లైను వచ్చినా మలుపు తిరగలేదు. తిన్నగా వెనక లైనుకు నడిచింది. నేను వెనకే వెళ్ళాను.

దీదీ తలుపు తీసి మమ్మల్ని చూసి నిలబడిపోయింది. వదినకు హిందీ నాకంటే తక్కువ. గుమ్మం బయటే నిలబడి, "దీదీ, మై భీ ఉల్టా పఢీ" అంది. నేనూ తలకిందులుగానే చదివాను అని. అక్కడితో ఆమె హిందీ అయిపోయింది. నా వైపు తిరిగి, "సెప్పు పిల్లా, నేను అన్నమాట తప్పని సెప్పు. నలుగుర్లో అన్నాను, నలుగుర్లోనే మళ్ళీ సెప్తానను" అంది.

నేను హిందీలో చెప్పాను. ఈసారి మార్చడంలో ఏదీ మొరటు కాకుండా చూసుకున్నాను.

దీదీ కళ్ళు తుడుచుకుని లోపలికి రమ్మంది. టీ పెట్టింది. గ్లాసు అందిస్తూ వదినతోనే అంది, నెమ్మదిగా, అర్థమయ్యేటట్టు. "నేను ఒక్కదాన్నీ ఇంక చదవను. నువ్వు నా పక్కన నిలబడు. ముందు నువ్వు చూడు, తరవాత నేను చదువుతాను."

"నాకు హిందీ అంకెలు రావని సెప్పు" అంది వదిన.

"తెలుగులో చదవమను" అంది దీదీ.

నియమాలు అలా పుట్టాయి. సంచీ క్లబ్బు అలమరలో, రెండు తాళాలతో. ఒక తాళంచెవి మా లైనులో, రెండోది వెనక లైనులో. ఇద్దరూ వస్తేనే అలమర తెరుచుకుంటుంది. ఆటకు ముందు సంచీని లోపలి వైపు బయటకు తిప్పి చూపించాలి. బిళ్ళలన్నీ పలక మీద పేర్చి, ఎవరైనా వచ్చి చూసుకున్నాకే సంచీలో వేయాలి. పగిలిన బిళ్ళా, అరిగిన బిళ్ళా పొయ్యిలోకి. పాత బిళ్ళలన్నీ అలాగే సెక్రటరీ ఇంటి బొగ్గుల కుంపట్లో కాలాయి.

వానలు పడగానే మళ్ళీ ఆట మొదలైంది. ముందు వదిన లేచి అందరి ఎదుటా తన మాట వెనక్కి తీసుకుంది. తెలుగులో చెప్పింది, నేను హిందీలో చెప్పాను. అలమరలోని కుక్కరును మళ్ళీ ఆటలోనే పెట్టారు. వెనక లైను ఆమె ముందుగా ఒప్పుకుంది, అనుమానపు కుక్కర్లో పప్పు ఉడకదని నవ్వుతూ. అది చివరికి ఒక ఛత్తీస్‌గఢీ ఆమెకు వచ్చింది. వదిన అప్పుడు బల్ల దగ్గర బిళ్ళలు చూసే పనిలో ఉండడంతో టిక్కెట్టే కొనలేదు.

ప్రతి అంకె రెండుసార్లు వినిపించేది. వదిన గొంతులో అరవై ఒకటి, దీదీ గొంతులో ఇక్సఠ్. మాతో వచ్చే పిల్లలు రెండూ కలిపి పాటలా పాడుకునేవారు. ఇక్కడే పుట్టి తెలుగు అంకెలు మరిచిపోతున్న పిల్లలకు అవి ఆ హాల్లోనే మళ్ళీ వచ్చాయి. కొన్నాళ్ళకు ఒక తమిళామె తమ భాషలో కూడా చదవమంది. ఆట ఆలస్యమవుతుందన్నా ఎవరూ వద్దనలేదు.

ఆ దీపావళికి మగవాళ్ళ క్లబ్బులో రమ్మీ పోటీ పెట్టారు. ముందు సంవత్సరం పేకముక్కలకు గుర్తులు పెట్టారని గొడవై మధ్యలోనే ఆగిపోయిందట. ఆ క్లబ్బు సెక్రటరీ మా ఇంటికి వచ్చి, "భాభీ, మీ తంబోలా వాళ్ళు వచ్చి మా పేకలు చూసిపెడతారా?" అని అడిగారు. మా ఆయన వెనక నిలబడి నవ్వు ఆపుకుంటున్నారు.

వెళ్ళాం. సీలు వేసిన పేకలు అందరి ఎదుటా విప్పించింది వదిన. దీదీ ముక్కలు లెక్కపెడితే, వదిన ఒక్కొక్కటీ కిటికీ వెలుగులోకి ఎత్తి వెనక వైపు చూసేది. మూల మడతపడిన ముక్క దొరికితే ఆ పేక మొత్తానికి చిల్లు కొట్టించి పక్కన పెట్టించేది. బల్లల చుట్టూ మగవాళ్ళు చేతులు కట్టుకుని ఓపిగ్గా నిలబడ్డారు. వాళ్ళలో వదిన వాళ్ళాయన కూడా ఉన్నారు.

"తొందరగా కానియ్యవే" అన్నారాయన.

"ఆగండి" అంది వదిన, ఇంకో ముక్క వెలుగులోకి ఎత్తుతూ. "సూసినాకే ఆట."

దీదీకి తెలుగు అప్పటికి కొంచెం కొంచెం వస్తోంది. "సూసినాకే" అని తనూ అంది, మా వైపు మాటలోనే.