కొట్టేసిన పేరు

“టీచరక్కా, మా మామ పోయిండు” అని గోడ అవతలి నుంచి కోడలు పిల్ల చెప్పినప్పుడు నేను బడికి తయారవుతున్నాను. గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ కాక. బొగ్గుబాయిలో ఫిట్టర్‌గా చేసి రిటైరై, కొడుకు దగ్గర ఉండేవాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఏడాదిగా ఆయన కొంచెం కొంచెంగా పోతూనే ఉన్నాడు.

కాకకు ఒక పిచ్చి ఉండేది. బర్మార్లు, అంటే గొట్టంలో మందు కూరి పేల్చే పాతకాలపు నాటు తుపాకులు. వాటిని చేసిన కమ్మరి ఎవరో కనుక్కోవాలి ఆయనకు. మందమర్రి, బెల్లంపల్లి పాతసామాన్ల దుకాణాలు తిరిగి విరిగిన గొట్టాలు, తుప్పు పట్టిన ముక్కలు తెచ్చేవాడు. “పేలేది నాకెందుకు బిడ్డా? చేసినోడెవడో తెలిస్తె సాలు” అనేవాడు. కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఎండకు పట్టి, ఆకురాయి గీతలు చూపించేవాడు.

“గీత ఎటు ఒరిగిందో సూడు. ఎడమచేతోడు. సంతకం రానోడు గూడ ఇనుము మీద తన చెయ్యి ఇడిసిపోతడు.”

నేనిచ్చిన నోటుబుక్కులో గొట్టాల మీద కమ్మర్లు కొట్టిన ప్రతి గుర్తూ బొమ్మ గీసి, కింద పేరు రాసుకునేవాడు. ఒక్క గుర్తు కింద మాత్రం ఏళ్ల తరబడి ఖాళీ. చిన్న ఆకు, పక్కన మూడు గాట్లు.

ఆ గుర్తున్న గొట్టం అడవి అంచున ఉన్న ఒక ఊరి నుంచి వచ్చిందని చివరికి తెలిసింది. ఒక ఆదివారం నన్నూ తోడు రమ్మన్నాడు. ఆ ఊరి కమ్మరింట్లో ఒక ముసలమ్మ గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని గుర్తును వేలితో తడిమింది.

“గిది మా మామ చేసిందే” అని పేరు చెప్పింది.

కాక రాసుకున్నాడు. అంతలో వీధిలో జీపు చప్పుడు. ఆ రోజుల్లో అడవి ఊళ్లలో తుపాకీ మాటెత్తితే పోలీసులు, నక్సలైట్లు, రెండు వైపుల నుంచీ గండమే. ముసలమ్మ మొహం పాలిపోయింది.

“కొట్టెయ్యి కొడుకా. ఇంట్ల పోరగాండ్లున్నరు.”

కాక ఆ పేరును కాగితం చిరిగేదాకా కొట్టేశాడు. “రాయనవ్వా. యాదికుంచుకుంట” అన్నాడు. తిరిగొస్తూ దారంతా ఆ పేరే అనుకుంటూ నడిచాడు. నాకేమో ఆఖరి బస్సు పోతుందేమోనని ఫికర్. నేను వినలేదు.

కొన్ని నెలలకు ఎవరు చెప్పారో, పోలీసులు వచ్చి ఇనుమూ నోటుబుక్కూ గోనెసంచిలో వేసుకుపోయారు. కాకను స్టేషన్లో రెండు రోజులు కూర్చోబెట్టి పంపేశారు. “కొట్టిన్రా కాకా?” అని అడిగాను.

“కొట్టలేదు బిడ్డా. తుక్కన్నరు.”

తెలంగాణ వచ్చాక కాక స్టేషన్‌కు వెళ్లి అడిగితే, ఆ సంచి సంగతి అక్కడెవరికీ తెలియదన్నారు. అప్పటికే ఆయనకు మరుపు మొదలైంది. ఒక మధ్యాహ్నం నన్ను పిలిపించాడు.

“నువ్వు గూడ ఉంటివి గద బిడ్డా. గా అవ్వ ఏం పేరు చెప్పింది?”

“యాదికి లేదు కాకా.”

కోపం చేయలేదు. “పోనీ తియ్” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు. మళ్లీ ఎప్పుడూ అడగలేదు. ఏ వస్తువు చేతికొచ్చినా చేసినవాళ్లను తలచుకోవడం నాకు నేర్పిన మనిషికి నేను ఒక్క పేరు దాచి ఇవ్వలేకపోయాను.

దినాలు అయ్యాక ఆ ఊరికి బయలుదేరాను. బస్సు చాలా ముందే ఆగిపోయింది. ఓపెన్‌కాస్ట్ గని వచ్చిందట, ఊరు లేచిపోయిందట. ముసలమ్మ ఎప్పుడో చనిపోయిందని, కొడుకులు తలో దిక్కుకు పోయారని చాయ్ కొట్టతను చెప్పాడు. కమ్మరిల్లు ఎటువైపని అడిగితే చెయ్యి చూపించాడు. అక్కడ గని మట్టి గుట్టలా లేచి ఉంది. ఒక డంపర్ మెల్లగా పైదాకా ఎక్కి, వీపు లేపి, మట్టి కుమ్మరించింది. దుమ్ము కిందికి దిగకముందే దాని వెనక ఇంకొకటి ఎక్కుతోంది.