మేకు కొట్టకూడని ఇంట్లో ఏడడుగుల బీరువా

మా అమ్మమ్మ గాజు సామాన్ల గిడ్డంగిలో ముప్పై ఒక్క ఏళ్లు సరుకు కట్టింది. గ్లాసులూ సీసాలూ గడ్డిలో చుట్టి, చెక్కపెట్టెల్లో సర్ది, పైన పురికొస బిగించి ముడి వేసేది. ఆ ముడి విప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు, కత్తెర తేవలసిందే. అందుకని అక్కడ అందరూ ఆవిణ్ణి పురికొస అనేవారు. మనిషి కూడా అంతే, సన్నగా ఉంటుంది, తెగదు. నేను ఎదురుగా అమ్మమ్మ అంటాను, చాటుగా పురికొస అంటాను. ఆవిడకి రెండూ వినబడతాయి.

పని మానేసిన రోజున గిడ్డంగి వడ్రంగి ఆవిడకి ఒక బీరువా చేసి ఇచ్చాడు. పాత పెట్టెల చెక్కతోనే చేశాడు. కింద మూడు సొరుగులు, పైన రెండు తలుపులు, ఏడడుగుల ఎత్తు. తలుపు తీస్తే లోపల ఇప్పటికీ పైకి చూపించే బాణం గుర్తూ, గ్లాసు బొమ్మా కనిపిస్తాయి. బయట తేనె రంగు పాలిష్. ఎవరైనా దానికి ఆనుకుని నిలబడితే చాలు, ఆవిడ మొహం మాడిపోతుంది.

గొడవ బుధవారం మొదలైంది. మా పిన్నికి రెండేళ్ల కూతురుంది. కనబడిందల్లా ఎక్కుతుంది కాబట్టి దాన్ని ఉడత అంటాం. పిన్ని సోమవారం నుంచి మళ్లీ ఉద్యోగానికి వెళ్లాలి, పగలంతా ఉడత మా దగ్గర ఉండాలి. అమ్మమ్మ రెండు నెలలుగా ఆ సోమవారం కోసమే రోజులు లెక్కపెడుతూ ఉంది. బుధవారం పిన్ని వచ్చి, ఎందుకో బీరువా సొరుగు లాగింది. బీరువా ముందుకి తల ఊపింది.

"అమ్మా, ఇది కదులుతోంది."

"నువ్వలా గుంజితే గోడ కూడా కదులుతుంది."

"లాగితేనే ఇలా ఉంటే ఉడత ఎక్కితే ఏమవుతుంది? దీన్ని కదలకుండా చేసేదాకా పిల్లని ఇక్కడ వదలను. డేకేర్ సెంటర్లో చేర్పిస్తా."

"నేనుండగా పరాయివాళ్ల దగ్గరా?"

"నువ్వుంటావు సరే, ఇది కూడా ఉంటుందిగా."

ఇది అద్దె ఇల్లు. మేం దిగిన రోజే పై అంతస్తులో ఉండే ఇంటాయన ఫోను పట్టుకుని గోడలన్నిటికీ ఫొటోలు తీశాడు. పాత మేకుల కన్నాలు పదకొండని కాగితం మీద రాయించాడు. పన్నెండోది కనబడితే ఖాళీ చేయాలి. అయినా అమ్మమ్మ మెట్లెక్కి వెళ్లి అడిగింది.

"పసిపిల్ల తిరిగే ఇల్లు బాబూ. రెండే రెండు కన్నాలు. వెళ్లేటప్పుడు పూడ్చి రంగు వేయిస్తాను."

"మీకు రెండిస్తే పక్క వాటావాళ్లు నాలుగు అడుగుతారు పెద్దమ్మగారూ. అది గోడ, జల్లెడ కాదు."

"పోనీ ఉన్న పదకొండులోనే రెండు వాడుకోనా?"

"అవన్నీ వంటింట్లో ఉన్నాయి కదా."

"అదేగా నా ఏడుపు."

గురువారం నన్ను హార్డ్‌వేర్ కొట్టుకి పంపింది. కొట్టతను రెండు వైపులా అంటుకునే పట్టీలు ఇచ్చి, "ఏనుగుని కట్టినా ఊడదు పాపా" అన్నాడు. గోడకి ఒక కొస, బీరువాకి ఒక కొస అతికించి రాత్రంతా ఆరనిచ్చాం. శుక్రవారం పొద్దున నేను గట్టిగా ఒక లాగు లాగాను. కొట్టతను అబద్ధం చెప్పలేదు, పట్టీ ఊడలేదు. గోడే ఊడింది. అరచేయంత పెచ్చు పట్టీతోపాటు వచ్చేసింది. కన్నం అయితే చిటికెన వేలంత ఉండేది. క్యాలెండరు తగిలించి దాచుదామంటే దానికీ మేకు కావాలి.

తర్వాత బీరువా నెత్తికీ పైకప్పుకీ మధ్య బిగించే రాడ్డు తెచ్చాను. తిప్పుతున్నకొద్దీ బిగుసుకుంటుందన్నారు. తీరా చూస్తే మాది అట్టలు పరిచిన ఫాల్స్ సీలింగు. నేను తిప్పిన కొద్దీ అది బిగుసుకోలేదు, పైకి లేచింది. ఒక మూల టప్పుమని అట్టపొడి రాలేసరికి అమ్మమ్మ నా జబ్బ పట్టుకుని స్టూలు మీద నుంచి దింపేసింది.

"చాలు. నువ్వూ, ఆ కొట్టువాడి తెలివీ. ముప్పై ఒక్క ఏళ్లు నేనేం చేశాననుకున్నావు? బరువంతా అడుగున పెడితే పెట్టె పడదు."

శనివారం అడుగు సొరుగులో ఇస్త్రీపెట్టె, కుట్టుమిషను తల, తాతయ్య స్పానర్ల సంచి సర్దింది. నేల కాస్త ముందుకి వాలుగా ఉంటే ముందు కాళ్ల కింద చెక్కముక్కలు దూర్చింది. భుజంతో నెట్టి చూసింది. కదల్లేదు. నా వంక చూసిన చూపుకి నేను చిన్నదాన్నైపోయాను.

చిన్నదాన్నైపోయాక ఊరుకుంటే బాగుండేది. ఉడత బరువు పన్నెండు కిలోలు కదా, పన్నెండు లీటర్ల నీళ్ల క్యాను పెట్టి చూద్దామన్నాను. అడుగు సొరుగు పూర్తిగా లాగి, దాని అంచున క్యాను దించాను. బీరువా మెల్లగా, మర్యాదగా, నాకు నమస్కారం పెడుతున్నట్టు ముందుకి వంగింది. రెండు చేతులూ నుదురూ అడ్డం పెట్టి ఆపాను. అమ్మమ్మ వచ్చి నెట్టేలోపు క్యాను దొర్లి నీళ్లన్నీ కుట్టుమిషను మీదా నా మీదా పోయాయి.

ఆవిడ తిడుతుందనుకున్నాను. తడి నేల మీదే కూర్చుండిపోయింది.

"పెట్టెకి సొరుగులుండవే అమ్మడూ" అంది. "సొరుగు లాగితే నేను అడుగున పెట్టిన బరువే ముందుకొచ్చి దాన్ని పడదోస్తుంది. నా పనే నా పిల్ల మీదకి తెచ్చి పెట్టాను."

నేను ఒక చేత్తో నుదుటి మీద బొప్పి పట్టుకుని, ఇంకో చేత్తో నీళ్లు తుడిచాను.

ఆదివారం పొద్దున లేచి చూసేసరికి సొరుగులు ఖాళీ చేసి పాత దుప్పట్లు పెట్టేసింది. గిన్నెల అలమర ముందు నిలబడి ఉంది. అది వెడల్పుగా ఉంటుంది, నిండా స్టీలు సామాను, ఇద్దరు నెట్టినా కదలదు.

"గిడ్డంగిలో పొడుగు పెట్టెని ఒంటరిగా నిలబెట్టేవాళ్లం కాదు, పక్కదానికి కట్టేవాళ్లం" అంది.

"అయితే కట్టు. పురికొస తేనా?"

"పురికొస సాగుతుంది. బోల్టులు కావాలి."

"బోల్టులంటే బీరువాకి కన్నాలు."

"తెలుసు."

"ఇంటాయన గోడ ముట్టుకోనివ్వడు, నువ్వు బీరువా ముట్టుకోనివ్వవు. మధ్యలో ఉడత ఏం చేస్తుంది, సెంటరుకి పోతుంది."

మామూలుగా అయితే నా నెత్తిన ఒకటి పడేది. ఆవిడ బీరువా పక్కచెక్కని పైనుంచి కిందిదాకా అరచేత్తో తుడిచింది, దుమ్మేమీ లేకపోయినా. తర్వాత పెన్సిలు తీసుకుని నాలుగు చోట్ల గుర్తు పెట్టింది. కొట్టువాడి దగ్గర అడిగి తెచ్చిన డ్రిల్లు నేను పట్టుకోబోతే లాక్కుంది. నాలుగు కన్నాలూ తనే వేసింది. ఒళ్లో రాలిన చెక్కపొట్టు చాలాసేపు దులుపుకోలేదు.

గదిలో చోటు తక్కువ. గిన్నెలన్నీ దించి అలమరని మూలకి జరిపి, మళ్లీ సర్ది, దాని ముందు భాగానికి బీరువా పక్కచెక్క ఆనించి బిగించాలి. దాంతో అలమర రెండు తలుపుల్లో ఒకటి మూసుకుపోయింది. రెండో తలుపులోంచి భుజందాకా చెయ్యి దూర్చి నట్లు నేను తిప్పాను. సొరుగుల పిడులు కూడా ఊడదీశాం, ఇకనుంచి చెంచా కాడతో తెరుచుకోవాలి. మళ్లీ క్యాను నింపి పెట్టాం. బీరువా ఉలకలేదు, పలకలేదు.

సాయంత్రం పిన్ని వచ్చింది. లాగింది, నెట్టింది, చెప్పులు విడిచి సొరుగు మీద ఒక కాలు వేసి మరీ చూసింది.

"అలమర ఆ తలుపు రాదేం?"

"రాదు. అటు గిన్నెలు అటే."

"గోడకి ఆ పెచ్చేమిటి?"

"అది ఇంటాయనా నేనూ చూసుకుంటాం. పిల్లని తెస్తావా తేవా?"

"ఎనిమిదింటికి దింపుతా."

సోమవారం ఉడత లోపలికి రాగానే నేరుగా బీరువా దగ్గరికే నడిచింది. పిడుల కోసం వెతికింది. చెక్కని గీరింది, కొట్టింది, పట్టు దొరక్క కింద చతికిలబడి గుక్కపట్టింది. బిస్కెట్టు ఇస్తే విసిరేసింది. నేను కోతిలా గెంతినా చూడలేదు. ముప్పావు గంట అదే రాగం. ఇంటాయన మెట్ల మీద నుంచి తొంగి చూసి ఏమైందన్నాడు. ఏమీ కాలేదు, అదే దాని బాధ అన్నాను.

అమ్మమ్మ మాత్రం దాని పక్కనే, బీరువాకి వీపు ఆనించి కూర్చుంది.

"ఏడవ్వే తల్లీ, ఎంతసేపైనా ఏడు" అంది. "ఏడుపు మీద పడదు."