పటేల్ కాదనలేదు

మా ముత్తాత నాచారానికి మాలీ పటేల్, అంటే భూమి శిస్తు వసూలు చూసే ఊరిపెద్ద. ఆయన తర్వాత మా తాత. ఇద్దరు రైతులు గట్టు దగ్గర తగవు పడితే, తాత వెళ్లి హద్దురాయి మీద చెయ్యి పెట్టి చెప్పిన మాటే తీర్పు. ఆ మాటకున్న విలువ నా వరకు వచ్చింది. దాన్ని నేను ఒక్కసారే వాడాను. వాడిన తీరు ఇన్నేళ్లుగా ఎవరితోనూ చెప్పుకోలేని బరువైంది. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను.

ప్రత్యేక రాష్ట్రం రాకముందు మాట. మల్లాపూర్‌లో దవాఖానా నడిపే డాక్టర్ ఖాదర్ పార్లమెంటుకు నిలబడ్డాడు. ఫ్యాక్టరీ పనివాళ్లకు ఆయన మందంటే గురి. మా అమ్మ రక్తపోటూ ఆయనే చూసేవాడు. గెలుస్తాడనే అనుకున్నారు. అంతలో పుకారు లేచింది: మా ఇంటి వెనక కాలనీ ఉన్నది దర్గా భూమిలో అనీ, తురకాయన ఢిల్లీకి పోతే ప్లాట్లన్నీ దర్గాకు రాయిస్తాడనీ.

కాలనీవాళ్లు నా దగ్గరికి వచ్చారు.

"పటేలా, జర చెప్పుండ్రి. గా భూమి నిజంగ దర్గాదేనా?" అన్నాడు యాదగిరి, బిస్కెట్ల ఫ్యాక్టరీలో పనిచేసేవాడు.

పక్కనున్న పెద్దాయన నవ్వాడు. "నీ రెండు రేకుల ఇంటి కోసం ఢిల్లీ నుంచి దిగొస్తడా అల్లుడా?"

"నువ్వు ఊకో మామా. కిరాయికుంటవు, నీకేం పోతది? ఇల్లు నాది."

అది దర్గా భూమి కాదని నాకు తెలుసు. కాదు అనే ఒక్క మాట చాలు. నేను కుర్చీలో నిటారుగా కూర్చుని, "పాత సంగతులు నన్నడగొద్దు" అన్నాను.

మెట్లు దిగుతూ యాదగిరి అన్నది వినబడింది. "పటేల్ కాదనలే. ఇగ ఏముంది?"

సాయంత్రానికి ఆ మాట ఉప్పల్ దాకా పోయింది.

ఎందుకు కాదనలేదు? "మరి ఎవరిది?" అని అడుగుతారని భయపడ్డాను. చాలాకాలం అదొక్కటే కారణమని నాకు నేను చెప్పుకున్నాను. పూర్తి నిజం కాదు. మా ముత్తాత ముందు చేతులు కట్టుకుని నిలబడ్డవాళ్ల మనవడు, పైగా ముస్లిం, నా తరఫున ఢిల్లీలో కూర్చోవడమా? ఆయన స్థానంలో మావాడొకడు ఉంటే, ఎంత సిగ్గయినా మింగి, కాదని చెప్పి ఉండేవాణ్ణి కానా? చెప్పేవాణ్ణి.

పోలింగుకు ముందు డాక్టరే మా ఇంటికి వచ్చాడు. "పటేల్ సాబ్, ఒక్కసారి కాలనీకొచ్చి కాదని చెప్తే చాలు. నాకు ఓటెయ్యమని చెప్పకుండ్రి."

"మేము వీధిలో నిలబడి మాట్లాడేవాళ్లం కాదు."

ఆయన "ఫికర్ లేదు" అని లేచి, గుమ్మం దగ్గర ఆగాడు. "అమ్మ గోలీలు మాత్రం బందు చెయ్యకుండ్రి."

ఓడిపోయాడు. ఎటూ ఓడేవాడేమో, తెలియదు. కానీ ఎన్నికలు అయిపోయాక కూడా కాలనీవాళ్లు ఆయన దవాఖానా మెట్టెక్కలేదు. కొన్నాళ్లకు దాన్ని మూసేసి పాతబస్తీకి వెళ్లిపోయాడు. నేను వెళ్లి కలవలేదు. కలిసి ఏమనాలి?

క్షమించమని మిమ్మల్ని అడగను. అడగవలసింది మిమ్మల్ని కాదు. ఆ రోజు అనవలసిన మాట ఇక్కడైనా అంటే కొంచెం ఊపిరాడుతుందేమోనని అంటున్నాను.

ఆ కాలనీ భూమి దర్గాది కాదు. మేము ఊరంతా చెప్పుకున్నట్టు భూసంస్కరణల్లో సర్కారు తీసుకున్నదీ కాదు. మాది. మా నాయన గుర్రప్పందేల కోసం ఎకరం తర్వాత ఎకరం ప్లాట్ల వ్యాపారికి అమ్మేశాడు. చివరి ఎకరం అమ్మినప్పుడు సంతకం నేనే పెట్టాను.