అన్న చెవులు, నేను చేసిన పెట్టె

అన్న బయ్యారం నుంచి బస్సులో గిటారు, చిన్న యాంప్లిఫయరు మోసుకుని మహబూబాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. చర్చిలో వాయించడానికి నేను చేసిచ్చిన పెడల్‌ను సంచిలోంచి తీసి నా ముందు పెట్టాడు. కాలితో తొక్కితే గిటారు శబ్దాన్ని గరగరలాడించే రేకు పెట్టె అది. ఇంకోసారి తొక్కితే ఆగిపోయి, గిటారు మామూలు గొంతుతో పలకాలి.

"ఆఫ్ చేసినా బొంత కప్పినట్టే ఉంటాంది చెల్లె. పాస్టరయ్య గూడ అన్నడు."

"పాస్టరయ్యకు గూడ గట్లనే వినబడ్డదా?"

"ఆ. గందుకే జర పానం కుదుటపడ్డది."

ఎందుకో నాకు తెలుసు. అన్న ఇరవై ఏళ్లు రాళ్ల క్వారీలో డ్రిల్లింగ్ మిషన్ పట్టాడు. కొంతకాలంగా వదిన వెనక నుంచి పిలిస్తే పలకడం లేదు. దవాఖానకు పొమ్మంటే పోడు. తప్పు పెట్టెదేనని నా నోట వినడానికి వచ్చాడు.

నేను బడికి పోలేదు. చదువూ, టంకం పెట్టడమూ రేడియోలు బాగుచేసే మా బాపు ఇంట్లోనే నేర్పాడు. పనికి ముందు కళ్లు మూసుకుని ప్రార్థించడం కూడా ఆయన అలవాటే. ఆ రోజు, తప్పు నా చేతిదే కావాలని అడిగాను.

గిటారు వైరును నేరుగా యాంప్లిఫయరుకు పెట్టి తీగ మీటాను. ఖంగుమంది. మధ్యలో ఆఫ్‌లో ఉన్న పెడల్ పెట్టి అదే తీగ మీటాను. మొద్దుగా పలికింది. మూత విప్పితే సంగతి తెలిసింది. దీపమైనా రేడియో అయినా ఒక్క వైరు తెంపితే ఆగిపోతుందని బాపు నేర్పాడు. అదే లెక్కన నేను మూడు కాళ్ల స్విచ్చు వేసి, బయటికి వచ్చే వైరును మాత్రమే తెంపాను. లోపలికి పోయే వైరు సర్క్యూట్‌కు అంటుకునే ఉంది. ఆఫ్‌లో ఉన్నా, గిటారు శబ్దంలోని సన్నదనమంతా అది తాగేస్తోంది.

"తప్పు నాదే అన్నా."

"నే చెప్పలే? బాపు చెయ్యి నీకు రాలే," అని నవ్వాడు. అంత నవ్వు చూసి చాలా రోజులైంది.

బాపు రేకు డబ్బాలో ఆరు కాళ్ల స్విచ్చు ఒకటి దొరికింది. స్తోత్రం చెప్పుకున్నాను. రెండు వైరులూ ఒకేసారి తెగేలా అతికించాను. ఈసారి పెడల్ ఉన్నా లేకున్నా తీగ ఒకేలా మోగింది.

"ఇగో, నువ్వు మీటు."

మీటాడు. ముఖం మారలేదు.

"గట్లనే ఉన్నదే."

యాంప్లిఫయరు మీద సన్నని శబ్దం పెంచే గుండీని కొంచెం తిప్పి మీటాడు. ఇంకొంచెం తిప్పాడు. చివరికంటా తిప్పి మీటేసరికి శబ్దం సూదిలా దిగింది. నాకు తెలియకుండానే చెవులు మూసుకున్నాను.

అన్న నా చేతులను చూశాడు. అరచేత్తో తీగలు ఆపేశాడు.

"నీకు గుచ్చుకుంటాందా?"

అవునన్నాను. దేవుడు నేను అడిగినదే ఇచ్చాడు, తప్పు నా చేతిలోనూ ఉంది. అంతవరకే అడగడం నాకు చేతనైంది.

అన్న దవాఖానకు ఒప్పుకున్నాడు. పోయిన వినికిడి తిరిగి రాదన్నారు అక్కడ. ఇప్పుడు ఆదివారం పొద్దున్నే నేను బయ్యారం పోతాను. చర్చిలో ఆడవాళ్ల చాపల మీద ముందు వరుసలో కూర్చుంటాను. పాటకు ముందు అన్న నన్నే చూస్తూ గుండీ తిప్పుతాడు. సరిపోయిన చోట నేను తల ఊపుతాను. అన్నకు చూపు ఇంకా మిగిలినందుకు, తల దించుకుని వందనాలు చెప్పుకుంటాను.