శౌరమ్మ చేతి నీళ్ళు

శౌరమ్మకు మోకాళ్ళ కింద ఒక్క వెంట్రుక ఉండేది కాదు. ముప్పై ఏళ్ళుగా ఆముదమూ సున్నిపిండీ వేణ్ణీళ్ళూ పడి ఆ చర్మం చింతగింజలా నున్నబడిపోయింది. పటమటలో మా వీధిలో పుట్టిన పిల్లలందరూ ఆ కాళ్ళమీద పడుకుని ఏడుస్తూ నీళ్ళు పోయించుకున్నవాళ్ళే. తెల్లవారేసరికి గుణదల నుంచి నడిచి వచ్చేది. రోజుకి నాలుగిళ్ళు. ఏ ఇంట్లోనైనా పెరటి తలుపులోంచి రావాలి, పెరటి తలుపులోంచి పోవాలి. భర్త మరియదాసు పోయాక ఆమెకు ఆ నాలుగిళ్ళే ఆధారం.

ఆమె నోరు మంచిది కాదు. "ఏందమ్మా ఈ పాలు, బియ్యం కడుగు నీళ్ళల్లే ఉన్నై. పిల్ల ఎట్టా ఒళ్ళు చేసుద్ది?" అని బాలింతల్ని ఏడిపించేది. మా అమ్మాయి ముక్కు చూసి, "ఇది నాయనమ్మ ముక్కే. ఎంత నొక్కినా నా వల్ల కాదు" అని మా అత్తగారి ఎదురుగానే అంది.

ఒక విషయంలో మాత్రం నోరు మెదిపేది కాదు. పక్కింటి రామతులసిగారి మనవడికి వీపు మీద ఏదో మచ్చ ఉందటగా అని నేనొకసారి అడిగాను. శౌరమ్మ చెంబు కింద పెట్టింది.

"నా కాళ్ళమీద పండుకున్న పిల్లల ఒళ్ళు సంగతి అడగమాకండి చిన్నమ్మగారూ. చెయ్యి చూసింది నోరు చెప్పకూడదు. చెప్తే రేపు మీ పిల్లల్ని నా కాళ్ళమీద ఎందుకు పడుకోబెడతారు?"

అది డెబ్భై అయిదో సంవత్సరం. మా అమ్మాయికి మూడో నెల. మా వాడికి మూడేళ్ళు దాటాయి. చంటిదానికి రోజూ, వాడికి శనివారం శనివారం శౌరమ్మే నీళ్ళు పోసేది.

డిసెంబరులో ఒక పొద్దున మా వాడు బురదలో పడి వచ్చాడు. కుళాయి కింద నిలబెట్టి నేనే కడిగాను. వృషణాల సంచి ఎడమ వైపు ఖాళీగా ఉంది. మర్నాడూ చూశాను. ఖాళీగానే ఉంది.

నేను జువాలజీతో బీయస్సీ పాసయ్యాను. ట్రంకు పెట్టెలోంచి పుస్తకం తీసి చదివాను. కడుపులో ఉన్నప్పుడు ఆడపిల్లకైనా మగపిల్లాడికైనా బీజగ్రంథులు మూత్రపిండాల పక్కనే మొదలవుతాయి. ఆడపిల్లవి కటి భాగంలోకి దిగి, గర్భాశయానికి చెరో పక్కన ఆగిపోతాయి. అక్కడే అండాశయాలుగా ఉంటాయి. మగపిల్లాడివి ఇంకా కిందికి దిగి, గజ్జల్లో ఉన్న సన్నని దారిలోంచి బయటి సంచిలోకి వస్తాయి. లోపలే ఆగిపోతే ఒంటి వేడికి పాడవుతాయి. కప్పకు మాత్రం జీవితాంతం లోపలే, మూత్రపిండాలకు అంటుకునే ఉంటాయి. ప్రాక్టికల్ పరీక్షలో ఆ బొమ్మ గీసి మంచి మార్కులు తెచ్చుకున్నాను. ఆ రోజంతా మా వాణ్ణి చూస్తుంటే మైనం పళ్ళెంలో గుండుసూదులు గుచ్చిన కప్పే కనిపించింది.

మా ఆయన కృష్ణారావుగారు, నేను వాణ్ణి డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాం. ఇనుప బల్ల మీద బట్టలిప్పి పడుకోబెట్టారు. డాక్టరు చేతులు స్పిరిట్‌తో తడిగా ఉన్నాయి. వాడు కేకలు పెట్టాడు.

"ఎడమ వృషణం దిగలేదు. ఆపరేషను చేసి కిందికి దించాలి. ఆలస్యం చేస్తే రేపు పిల్లలు పుట్టకపోవచ్చు" అన్నాడాయన చేతులు తుడుచుకుంటూ.

ఇంటికి రాగానే మా అత్తగారు వెంకటరత్నమ్మగారు విషయం తేల్చేశారు.

"పుట్టినప్పుడు రెండూ ఉన్నై. చల్లపల్లిలో మంత్రసాని చూపించింది నాకు. ఈ శౌరి నలిపీ నలిపీ పైకి తోసేసింది."

శనివారం శౌరమ్మ వచ్చి, చీర మోకాళ్ళ దాకా ఎగగట్టి, పీట మీద కూర్చుని కాళ్ళు చాపింది. మా అత్తగారు వాణ్ణి పంపలేదు. గుమ్మంలో నిలబడి అడిగారు.

"ఏం చేశావే నా మనవణ్ణి?"

సంగతి విని శౌరమ్మ నవ్వింది. ఆ నవ్వు మా అత్తగారు చివరిదాకా మర్చిపోలేదు.

"యాడికీ పోలేదు పెద్దమ్మగారూ. చలేసినా, భయమేసినా పైకెక్కుద్ది. వేణ్ణీళ్ళు పడితే దానంతటదే దిగుద్ది. శనివారం శనివారం నా చేత్తో చూస్తానే ఉన్నా."

"డాక్టరుకన్నా నీకు తెలుసా?"

"డాక్టరు ఒక్కసారి చూశాడు. నేను ఈణ్ణి చంటోడప్పట్నించీ చూస్తన్నా." నా వైపు తిరిగింది. "చిన్నమ్మగారూ, మీరు చదువుకున్నారు. ఒక్క చెంబు వేణ్ణీళ్ళు పొయ్యండి. మీ చేత్తో మీరే చూసుకోండి."

కాగులో నీళ్ళు కాగే ఉన్నాయి. వాడు గదిలోనే ఉన్నాడు. అదంతా అయిదు నిమిషాల పని.

"ఇందులో నీకేం తెలుసు శౌరమ్మా? పుస్తకంలో ఉన్న సంగతి ఇది" అన్నాను.

"పుస్తకానికి చేతులున్నాయా అమ్మా?"

మా అత్తగారు ఆమె పీటను కాలితో తోసేశారు. "ఇక మా పెరట్లో అడుగు పెట్టమాక."

శౌరమ్మ చీర దించుకుని వెళ్ళిపోయింది. పెరటి తలుపు చప్పుడు కాకుండా వేసింది.

ఆపరేషనుకు ఇరవై రోజుల గడువిచ్చారు. ఆ ఇరవై రోజులూ వాణ్ణి ఎవరూ ముట్టుకోకూడదని, వేడి తగలకూడదని మా అత్తగారి ఆజ్ఞ. తడిగుడ్డతో తుడిచేవాళ్ళం.

శౌరమ్మను ఎందుకు మాన్పించారని వీధిలో అడిగారు. మగపిల్లాడి విషయం, పేరు పెట్టి ఎలా చెబుతారు? "మా వాడికి నరం తప్పించిందమ్మా" అన్నారు మా అత్తగారు. ఉన్నదున్నట్టు చెబితే ఒంట్లో ఒక్క చోటుతో పోయేది. నరం అనేసరికి ఎవరికి తోచింది వాళ్ళు అనుకున్నారు. ఒకావిడ మెడ నరమంది. ఒకావిడ వెన్నుపూసంది. పోయినేడాది మూడో వీధిలో ఫిట్స్ వచ్చి పోయిన పిల్లాడికి కూడా శౌరమ్మే నీళ్ళు పోసిందని ఎవరో గుర్తు చేశారు. వారం తిరక్కుండా మిగతా మూడిళ్ళవాళ్ళూ ఆమెను రావద్దన్నారు. ఆమె ఏ గుమ్మంలోనైనా మా వాడి సంగతి ఇదీ అని ఒక్క ముక్క చెప్పి ఉంటే నరం మాట అక్కడే ఆగిపోయేది. చెప్పలేదు.

ఆస్పత్రిలో ఆపరేషను చేయవలసిన పెద్దాయన వాణ్ణి చూడగానే బల్ల ఎక్కించలేదు. నర్సును పిలిచి, "టబ్బులో వేణ్ణీళ్ళు పట్టి వీణ్ణి కూర్చోబెట్టమ్మా. బొమ్మేదైనా ఇవ్వు" అన్నారు. తన చేతులు కూడా ఆ నీళ్ళలోనే పెట్టుకున్నారు. వాడు నీళ్ళు చిమ్ముతూ ఆడుకుంటుంటే చూశారు.

"రెండూ ఉన్నాయి. రామ్మా, నువ్వూ చూడు."

ఉన్నాయి. ఎడమది కుంకుడు గింజంత, నా వేళ్ళకే తగిలింది.

"పైకి లాగే కండరం ఒకటుంటుంది. చలికీ భయానికీ గజ్జలోకి లాగేస్తుంది. పెద్దయ్యేకొద్దీ సర్దుకుంటుంది. అప్పటిదాకా ఏడాదికోసారి చూపించండి చాలు. కొయ్యాల్సిన పనేం లేదు." ఆయన చేతులు తుడుచుకున్నారు. "ఇంట్లో వీడికి నీళ్ళు పోసేదెవరు? ఆవిడకి తెలిసే ఉండాలే. చెప్పలేదా?"

మా ఆయన నా వైపు చూశారు.

"ఎవరూ చెప్పలేదండీ" అన్నాను.

ఆ ఆదివారం శౌరమ్మ వచ్చింది. పెరటి తలుపు బయటే నిలబడింది. ఎవరు చెప్పారో, ఆపరేషను లేదన్న సంగతి ఆమెకు తెలుసు. మనిషి చిక్కిపోయింది.

"పిల్లాడి సంగతి ఎవురికీ చెప్పొద్దు పెద్దమ్మగారూ. శౌరమ్మ చేతి తప్పు లేదని ఆ మూడిళ్ళలో ఒక్క మాట చెప్పండి చాలు."

"తప్పు లేదంటే మరి ఏమైందని అడుగుతారు. ఏం చెప్పమంటావు?"

"ఏమీ కాలేదని చెప్పండి."

"ఏమీ కాకుండానే ఆస్పత్రికి తీసుకెళ్ళామా? రేపు వాడికి పిల్లనివ్వాలా వద్దా? మగపిల్లాడి మీద అలాంటి మాట పడితే పోతుందా?"

"మరి నా మీద పడ్డదో?"

"నీకిప్పుడేం పెళ్ళి కావాలా?" అన్నారు మా అత్తగారు.

నేను చంటిదానికి పాలిస్తూ లోపల కూర్చున్నాను. లేవలేదు.

ఫిబ్రవరిలో గుణదల తిరనాళ్ళకు శౌరమ్మ కొవ్వొత్తులు అమ్మిందని మా ఆయన చూసి వచ్చి చెప్పారు. తర్వాత కాలవ గట్టున ఇటికబట్టీలో మోత పనికి వెళ్తోందన్నారు. యాభై అయిదేళ్ళ మనిషి. మా అమ్మాయికి నేనే నీళ్ళు పోయడం మొదలుపెట్టాను. నా కాళ్ళమీద అది నిలిచేది కాదు, జారిపోయేది. రెండుసార్లు వేడి చూడక ఒళ్ళు ఎర్రబడేలా పోశాను.

వేసవిలో రామతులసిగారి రెండో అమ్మాయి ప్రసవించింది. నీళ్ళు పోసే మనిషి దొరక్క, పదకొండో రోజున శౌరమ్మకే కబురు పెట్టారు. పొద్దున్నే వచ్చింది. మా పెరటి గోడ మీదుగా చూస్తే పీట వేసుకుని, కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆ కాళ్ళ మీద ఇటిక గీరుకున్న గాయాలు. కాగులో వేణ్ణీళ్ళకు చన్నీళ్ళు తొలిపి, మోచెయ్యి ముంచి వేడి చూసింది.

రామతులసిగారు పసివాణ్ణి ఎత్తుకుని గోడ దగ్గరకు వచ్చారు. గొంతు తగ్గించలేదు.

"ఏమమ్మా ఛాయా, ఇవ్వమంటావా? మీ వాడికేదో నరం తప్పించిందటగా. నిజమేనా? నువ్వు చదువుకున్నదానివి, నువ్వు చెప్తే ఇస్తాను."

శౌరమ్మ నా వైపే చూస్తోంది. మోచేతి నుంచి నీళ్ళు కారుతున్నాయి. మా వాడు నా వెనక మొలతాడు తప్ప ఏమీ లేకుండా పరుగెడుతున్నాడు. ఎండకు రెండూ కిందే ఉన్నాయి. శౌరమ్మ వాణ్ణి చూసింది. ఆమె వేలెత్తి చూపిస్తే చాలు, రామతులసిగారికి అర్థమైపోయేది.

ఆమె వేలెత్తలేదు. నేను వాణ్ణి నా చీర కుచ్చిళ్ళలోకి లాక్కున్నాను.

"ఎందుకొచ్చిన గొడవండీ. వేరే మనిషిని చూసుకోండి" అన్నాను.

రామతులసిగారు పసివాణ్ణి లోపలికి తీసుకెళ్ళిపోయారు. శౌరమ్మ కాసేపు అలాగే ఖాళీ కాళ్ళు చాపుకుని కూర్చుంది. తర్వాత తొలిపిన నీళ్ళను ఒక్కొక్క చెంబే ముంచి తన కాళ్ళమీద పోసుకుంది, గాయాల మీద. చీర దించుకుని, పీట గోడకు చేరవేసి, పెరటి తలుపులోంచి వెళ్ళిపోయింది.