విప్పని ముడి

మా ఆడబిడ్డ శ్రావణి చదువు కోసం ఐర్లాండ్ వెళ్లి పది రోజులైంది. రోజూ మధ్యాహ్నం వీడియో కాల్ చేసి, రూం దొరికిందని, అందులోనే వండుకుంటున్నానని చెబుతుంది. ఈ రోజు కూడా "పప్పుచారు చేసిన అమ్మా" అంది. అత్తమ్మ సంతోషపడింది. నాకు మాత్రం అనుమానం వచ్చింది.

శ్రావణి వెనకాల పెద్ద సూట్‌కేసు కనిపించింది. బియ్యం, పప్పు, చింతపండు, కుక్కర్ అన్నీ దాంట్లోనే సర్దాం. దారిలో తెరుచుకుంటుందేమోనని మామయ్య దాన్ని పాత చీర పేలికతో చుట్టి, ఎడ్ల పలుపుకు వేసే ముడి వేశాడు. ఆ ముడి ఇంకా అలాగే ఉంది.

నేను ఇంట్లో పెద్దగా మాట్లాడను. అయినా లేగదూడను చూపిస్తానని ఫోన్ తీసుకుని పెరట్లోకి వెళ్లాను.

"శ్రావణీ, సూట్‌కేసు విప్పకుండ పప్పుచారు ఎట్ల చేసినవ్?"

తను ఫోన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంది. తర్వాత మెల్లగా చెప్పింది. "రూం దొరకలే వదినా. సీనియర్ అక్కల హాల్ల పంటున్న. సామాను తీసే జాగ లేదు, పొద్దుమాపు బ్రెడ్డే. అమ్మకు చెప్పకు, వాపస్ రమ్మంటది."

చెప్పనని మాటిచ్చాను. లోపలికి రాగానే అత్తమ్మ నా మొహం చూసి, "ఎన్నడు లేంది గంతసేపు ఏం మాట్లాడినవే?" అంది. దూడ గురించేనన్నాను.

అప్పటి నుంచి నన్ను ఓ కంట కనిపెడుతూనే ఉంది. నాకు అబద్ధమాడటం సరిగా రాదు. మీరైతే చెప్పేస్తారా, దాస్తారా?